మగ్గముల లెక్కయు మనుష్యుల లెక్కయు



మన పద్మశాలీయుల చరిత్రమును వ్రాయు పెద్దలు సాధారణముగా మార్కండేయ మహర్షితో ఆరంభించి, భావనారాయణస్వామివారు దేవతలకు వస్త్రములు నేసి యిచ్చిన కథను చెప్పి, పిదప వర్తమానమునకు వచ్చుట వాడుక. మేమీ వ్యాసమున ఆ త్రోవ తొక్కక వేఱొక చరిత్రమును మీ ముందుంచ దలచితిమి. అది లెక్కల చరిత్రము. గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి నేలలో ప్రత్తి పండించినవారిని, మిరపకాయలు కోసినవారిని, ఆ ప్రత్తినూలుతో బట్ట నేసినవారిని ఎవరెవరు, ఎప్పుడెప్పుడు, ఏ యుద్దేశముతో లెక్కించిరి, ఆ లెక్కలలో మనవారెంతవఱకు కనబడుదురు, ఎచ్చట మఱుగుపడుదురు అనునదియే ఇచ్చటి విషయము.

ఇది యెందుకని కొందఱడుగవచ్చును. మన సభలలో తీర్మానములు చేయునపుడు మొట్టమొదటి వాక్యము సంఖ్యతోనే ఆరంభమగును. ఒకే వేదికపై ఒక వక్త యొక సంఖ్యను, మఱొక వక్త దానికి రెట్టింపు సంఖ్యను చెప్పుట మనకు క్రొత్త కాదు. వినతిపత్రము నందుకొన్న అధికారి "ఈ సంఖ్య యెక్కడిది?" అని ప్రశ్నించినచో మనము మొగమొగములు చూచుకొనవలసి వచ్చుచున్నది. లెక్క యనునది ప్రశ్నకు ప్రత్యుత్తరము మాత్రమే. ప్రశ్న యేదో తెలియక ప్రత్యుత్తరమును పట్టుకొని వాదించుట వ్యర్థము. ఈ యొక్క మాటను మనస్సున నుంచుకొని పూర్వోత్తరములు చూతము.

పూర్వకాలపు లెక్కలు

చీరాలకు సమీపమున సముద్రతీరమందున్న మోటుపల్లి యొకప్పుడు గొప్ప రేవు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున ఓడవర్తకుల కభయమిచ్చుచు అచ్చట శాసనము వేయించెను. అందు సరకుల మీద సుంకములు వివరముగా చెప్పబడినవి. రుద్రమదేవి కీర్తి వినిన మార్కోపోలో ఈ తీరపు బట్టలను సాలెపట్టువంటి సన్నని వస్త్రములని కొనియాడెను. సరకునకు సుంకమెంతో శాసనము చెప్పినది, వస్త్రమెంత సన్ననో యాత్రికుడు చెప్పెను. నేసిన చేతులెన్నియో ఇరువురును చెప్పలేదు. వారి ప్రశ్న యది కాదు.

తరువాత 17వ శతాబ్దారంభమున డచ్చివారును ఇంగ్లీషువారును పెద్దపల్లి యనబడిన నిజాంపట్టణపు రేవునకు వచ్చి బట్టల వ్యాపారము మొదలిడిరి. కంపెనీ వర్తకుల చిట్టాలలో తానులెన్ని, బయానా యెంత, బాకీ యెంత అను సంగతులు కలవు. అచ్చటను నేతగాడు బాకీదారుగా కనబడునే కాని పనివాడుగా కనబడడు. వాని భార్య, బిడ్డలు అసలే కనబడరు. కంపెనీ ప్రభుత్వము మొతర్ఫా యను పన్నును మగ్గముల మీద వేసినపుడు మగ్గముల కొక లెక్క యేర్పడినది. పన్నుకై చేసిన లెక్క కావున మగ్గము దాచినవానికి లాభము, చూపినవానికి నష్టము. ఇట్టి లెక్కలో సంఖ్య తక్కువగా నుండుట సహజము. లెక్కించువాని యుద్దేశమును బట్టి సంఖ్య వంగునని మనకు తెలిపిన మొదటి పాఠమిదియే. నేడు సహాయము పంచుటకై చేయు లెక్కలో సంఖ్య యెక్కువగుటయు అట్లే సహజము.

జనాభా లెక్కలు

మదరాసు రాజధానిలో 1871వ సంవత్సరమున విస్తృతమైన జనగణనము జరిగినది. 1881 మొదలు దేశమంతట ఒకే సమయమున, పదేండ్ల కొకసారి, 2011 వఱకు ఈ గణనము జరుగుచు వచ్చెను. దీని బలము మిక్కిలి గొప్పది. ఇది యింటింటికి పోవును. కొన్ని యిండ్లను మాత్రమే చూచి తక్కినవానిని ఊహించుట యిందు లేదు. గ్రామము వఱకు, పట్టణపు వార్డు వఱకు సంఖ్యలు దొరకును. తెనుగుదేశమున నే మాఱుమూల పల్లెలో పనివారెందఱని యడిగినను దీనికి సాటియైన గ్రంథము వేఱొకటి లేదు.

అయినను దీనికి పదేండ్ల నిద్ర కలదు. ఒక్క యుదాహరణము చాలును. 1921 జనగణనము మార్చి 18వ తేదీన జరిగినది. చీరాల పేరాలల యిండ్లలో జనులను ఆనాడు వ్రాసికొనిపోయిరి. ఏప్రిలు 6వ తేదీన గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చెను. అటుపిమ్మట కొలది దినములకే పురపాలక సంఘము మాకు వలదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పదమూడువేలకు పైబడిన జనము, నేతపనివారు, కూలివారు, వర్తకులు, ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమున పందిళ్లలో వసించిరి. పదునొకండు నెలల కాలము ఊరు పాడువడి యుండెను. జనగణన గ్రంథము మాత్రము వారందఱు తమ తమ ఇండ్లలో నున్నట్లే చెప్పుచున్నది. అది అబద్ధము కాదు. ఆ దినమున సత్యమే. ఒక్క దినపు ఛాయాపటమును పదేండ్ల జీవితముగా భావించుట చదువరి తప్పు.

రెండవ చిక్కు సరిహద్దులది. చీరాల 1904కు పూర్వము కృష్ణా మండలమున నుండెను. ఆ సంవత్సరమున గుంటూరు మండలమేర్పడగా అందు చేరెను. 1970లో ఒంగోలు మండలమేర్పడగా అందు చేరెను. ఆ మండలమే 1972లో ప్రకాశం మండలమయ్యెను. 2022లో చీరాల బాపట్ల జిల్లాకు పోయెను. ఊరు కదలలేదు, నాలుగు మండలములు మాఱినది. "గుంటూరు జిల్లాలో నేతపనివారు ఇంతమంది యుండిరి, ఇప్పుడింతకు దిగిరి" యని 1931 సంఖ్యను నేటి సంఖ్యతో పోల్చువారు చీరాల, పేరాల, వేటపాలెములను ఒక తట్టనుండి తీసివేసి, తూకము తగ్గినదని విలపించువారి వంటివారు. పోల్చదలచినచో ఊరినో, పాత తాలూకానో పట్టుకొని పోల్చవలెను.

మూడవది కులమునకును వృత్తికిని గల భేదము. 1931 వఱకు జనగణనములలో అన్ని కులముల పట్టికలు ప్రచురింపబడినవి. సాలె కులస్థు లెందఱో, దేవాంగు లెందఱో అందు చూడవచ్చును. కాని సాలె యనగా మగ్గము మీద కూర్చున్నవాడని యర్థము కాదు. మనలో వర్తకము చేసినవారును, సేద్యము చేసినవారును, కూలికి పోయినవారును ఆనాడే కలరు. మన మండలములలో ముతకబట్టలు నేసిన మాలసోదరులు అనేకులుండిరి. నేడును మంగళగిరి, చీరాల మగ్గముల మీద వేర్వేఱు కులములవారు పనిచేయుచున్నారు. కులసంఖ్యను తీసికొనివచ్చి నేతపనివారి సంఖ్యయని చెప్పుటయు, నేతపనివారి సంఖ్యను తీసికొనివచ్చి మన కులసంఖ్యయని చెప్పుటయు రెండును తప్పులే. 1931 తరువాత అఖిలభారత జనగణనమున షెడ్యూల్డు కులములు, తెగలు తప్ప తక్కిన కులముల పట్టికలు వెలువడలేదు. కనుక అటుపిమ్మటి కాలమునకు మన కులసంఖ్యయని యెవరు చెప్పినను అది జనగణన గ్రంథమునుండి వచ్చినది కాదని గ్రహింపవలెను.

"పనివాడు" ఎవరు?

నాల్గవ చిక్కు అన్నిటికంటె లోతైనది. పనివాడనగా నెవరు? ఈ చిన్న ప్రశ్నకు జనగణనము ప్రతిసారియు వేఱువేఱుగా నిర్వచనము చెప్పుచు వచ్చెను. 1901లో పనిచేయువారిని, వారిపై నాధారపడినవారిని వేఱుపఱచిరి. 1931లో సంపాదించువారు, పనిచేయు ఆశ్రితులు, పనిచేయని ఆశ్రితులు అని మూడు తరగతులు పెట్టిరి. భర్త మగ్గమునకు తోడుగా నిత్యము రాట్నము త్రిప్పు గృహిణికి ఆ రెండవ తరగతిలో చోటుండెను. 1961లో నిర్వచనము మఱింత ఉదారమాయెను. ఋతుపనియైనచో ఆ పనికాలములో అధికభాగము దినమున కొక గంటకు మించి క్రమముగా పనిచేసినవారు కూడ పనివారే యని నిర్ణయించిరి. 1971లో "నీవు ముఖ్యముగా చేయునదేమి?" అని యడిగిరి. స్త్రీలు "ఇంటిపని" యనిరి. ఫలితమేమి? దేశమునందలి స్త్రీలలో పనివారు 1961లో నూటికి 28కి సమీపమున నుండగా, 1971లో 12 ప్రాంతమునకు దిగిరి. పదేండ్లలో కోట్లకొలది స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. ప్రశ్న మాఱినది. 1981 నుండి సంవత్సరమున ఆఱు నెలలు అంతకు మించి పనిచేసినవారిని ముఖ్య పనివారని, అంతకు తక్కువైనవారిని ఉపాంత పనివారని విభజించుచు వచ్చిరి. 1991లో జీతములేని యింటి వృత్తిపని కూడ పనియేయని ప్రశ్నలోనే స్పష్టపఱచిరి.

మన యిండ్లలో ఇది యెట్లు జరుగునో యొక దృష్టాంతము చూతము. పేరాలలో నొక నేతయింటికి ఎన్యూమరేటరు వచ్చినదనుకొందము.

"బాబాయిగారూ, మీ ఇంట్లో పనిచేసేవాళ్లు ఎంతమందండీ?"

"నేనొక్కణ్ణేనమ్మా. గుంటమగ్గం నాది."

"పిన్నిగారు?"

"ఆవిడ ఇంట్లోనే ఉంటుందమ్మా. పనేం చెయ్యదు."

ఈ మాట చెప్పుచున్నప్పుడు పిన్నిగారు వసారాలో రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచున్నది. తెల్లవాఱుజామున ఆసు పోసినది ఆమెయే. పడుగునకు గంజి పెట్టునపుడు రెండవ కొస పట్టినది ఆమెయే. అచ్చు అతుకునపుడు పోగందించినది ఆమె కూతురు. పుష్యమాసము దాటిన తరువాత నూలు దొరకక మగ్గమాగినపుడు తల్లీకూతుళ్లు ఇరువురును మిరపకోతకు పోయి పది రూపాయలు తెచ్చినది నిజము. పుస్తకమున పడిన సంఖ్య మాత్రము ఒకటి. ఇందు ఎన్యూమరేటరు దోషము కొంత, ప్రశ్న దోషము కొంత. మన యింటి పెద్ద నోటిమాటలోని దోషము తక్కువదా?

ఇంకొకటి. 2001, 2011 జనగణనములలో పనివారిని నాలుగు తరగతులుగా చేసిరి: సాగుదారులు, వ్యవసాయకూలీలు, గృహపరిశ్రమవారు, ఇతరులు. గ్రామమున నైనచో ఇంటిలోగాని ఆ గ్రామములోగాని కుటుంబమువారు నడుపుకొను పని గృహపరిశ్రమ. పట్టణమున నైనచో ఇంటి ఆవరణలోపల చేసినదే గృహపరిశ్రమ. కావున చీరాల పట్టణమున తన యింటిలో నేయువాడు మూడవ తరగతి, ప్రక్కవీథిలో మాస్టరు వీవరుగారి షెడ్డులో అదే చీర నేయువాడు నాల్గవ తరగతి. ఆ నాల్గవ తరగతిలో గుమాస్తాలు, రిక్షా త్రొక్కువారు, ఉపాధ్యాయులు అందఱును కలరు. గృహపరిశ్రమ సంఖ్య తగ్గినంతమాత్రమున అంతమంది నేత మానిరని చెప్పరాదు. ఇంటి మగ్గము విడిచి షెడ్డు మగ్గమెక్కినవారెందఱో ఆ తగ్గుదలలో కలిసియున్నారు.

మచ్చు సర్వేలు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు మెతుకు పట్టి చూచినట్లు, కొన్ని యిండ్లను మాత్రము నియమానుసారముగా నెన్నుకొని లోతుగా ప్రశ్నించు పద్ధతిని ప్రొఫెసరు మహలనోబిసుగారు మనదేశమున స్థిరపఱచిరి. జాతీయ నమూనా సర్వే 1950లో ఆరంభమయ్యెను. దంత్వాలా సంఘము 1970లో సమర్పించిన నివేదిక ననుసరించి 1972–73 నుండి ఉద్యోగ, నిరుద్యోగములపై పెద్ద సర్వేలు జరిగినవి. వానిలో కడపటిది 2011–12లో జరిగినది. 2017 జూలై నుండి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే వాని స్థానమున నడచుచున్నది.

వీని బలము లోతు. ఇందు వత్సరమంతటి పనిని ఒక ప్రశ్నగా, గడచిన ఏడు దినముల పనిని మఱియొక ప్రశ్నగా అడుగుదురు. ముఖ్యవృత్తియేగాక ముప్పది దినములకు తక్కువగాని ఉపవృత్తిని కూడ వ్రాసికొందురు. సొంతముగా నేయువానికొక సంకేతము, ఇంటి వృత్తిలో జీతములేక తోడ్పడువారికొక సంకేతము, దినకూలికొక సంకేతము, కేవలము ఇంటిపనికొక సంకేతము కలవు. మన దృష్టాంతమందలి పిన్నిగారికి తోడ్పాటుదారు సంకేతమైన 21 రావలెను. "ఏమీ చేయదు" అన్నచో 92 పడును. ఆ రెండంకెల నడుమ ఆమె బ్రతుకంతయు కలదు.

వీని పరిమితులు మూడు. మొదటిది, ఇల్లు తక్కువ. 2025కు పూర్వము దేశమంతటికిని ఏటా సుమారు లక్ష కుటుంబములు. అందులో మంగళగిరి మగ్గముల వీథికి ఎన్ని వచ్చును? రాష్ట్రమునకు చెప్పదగిన సంఖ్య యొక జిల్లాకు, ఒక ఊరికి చెప్పుటకు చాలదు. 2025 జనవరి నుండి కుటుంబముల సంఖ్యను సుమారు 2,70,000కు పెంచి, జిల్లాను ప్రాతిపదికగా గ్రహించి, నెలనెలకును ఫలితములు ప్రకటించుచున్నారు. ఇది మేలైన మార్పే. అయినను ఒక వృత్తిని ఒక ఊరిలో చూపుటకు ఇదియు చాలదు. రెండవది, కులము. ఇందు షెడ్యూల్డు కులములు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులు, ఇతరులు అను నాలుగు గుంపులే కలవు. మనము మూడవ గుంపులో లెక్కకు మిక్కిలియైన కులములతో కలిసియుందుము. మూడవది, వారపు ప్రశ్న. ఏడు దినములలో ఏ యొక్క దినమున ఒక గంట పనిచేసినను ఆ మనిషి పనియున్నవాడే. నూలు లేక ఆఱు దినములు కూర్చుండి ఏడవ దినమున అఱమూర నేసినవాడు నిరుద్యోగి కాడు. అందుచేత నిరుద్యోగ శాతమును చూచి మన వీథులు సుఖముగా నున్నవని తలచుట పొరపాటు. మన బాధ పని లేకపోవుట కంటె పని చాలకపోవుట, కూలి చాలకపోవుట.

నిర్వచనము మాఱిన సర్వేలను పోల్చరాదనుటకు వ్యవసాయకూలీల విచారణయే సాక్షి. 1950–51లో జరిగిన మొదటి విచారణలో పనిదినములలో సగము, అంతకు మించి కూలిపని చేసినవారి కుటుంబమును కూలి కుటుంబమనిరి. 1956–57 విచారణలో ఆదాయములో అధికభాగము కూలివలన వచ్చిన కుటుంబమును అట్లనిరి. రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి కూలీలు పెరిగిరా తరిగిరా యని పండితులు చాలకాలము వాదించుకొనిరి.

మన మైదానములకు ప్రత్యేకమైన చిక్కు ఋతువుది. మిరపకోత పుష్యమాఘములనుండి చైత్రము వఱకు సాగును. ఆ కాలమున కర్నూలు పడమటి తాలూకాలనుండి కుటుంబములకు కుటుంబములే పిల్లాపాపలతో వచ్చి గుంటూరు, పల్నాడు చేలగట్లపై గుడిసెలు వేసికొని యుందురు. జనగణనము ఫిబ్రవరి మార్చి నెలలలోనే జరుగుట వాడుక. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వఱకు జరిగినది. ఆ దినములలో చేలలో నున్నవారిని స్వగ్రామమున వ్రాసిరా, చేనిగట్టున వ్రాసిరా, రెండుచోట్లను విడిచిరా యనునది ఎన్యూమరేటరు శ్రద్ధపై నాధారపడిన సంగతి. ఇంటింటికి తిరుగు లెక్కకు ఇల్లులేనివాడే కష్టము.

కూలి రేట్లు

పనివారెందఱను ప్రశ్న తరువాత వచ్చునది కూలి యెంత యనునది. దేశపు పల్లెలలో కొన్ని గ్రామములను ఎన్నుకొని, నెలనెలకును స్త్రీపురుషుల దినకూలిని విడివిడిగా వ్రాయు పద్ధతి 1986 నుండి కలదు. లేబరు బ్యూరో దానిని ప్రకటించును. నెలవారీగా, సంవత్సరములు తెగక వచ్చుట దీని బలము. ధర పెరుగుదలతో కూలి సరితూగుచున్నదా యని చూచుటకు ఇంతకంటె మంచి ఆధారము లేదు. అయినను ఇది దినకూలి లెక్క. ప్రత్తి తీతకు కిలోల చొప్పున నిచ్చెదరు. గుంటూరు మిర్చి వ్యాపారమున తొడిమలు తీయు స్త్రీలకును తూకముపై నిచ్చుట కలదు. గుత్తకూలిని దినకూలిగా మార్చునపుడు ఎన్ని గంటలని లెక్కింపవలెనో చెప్పు నాథుడు లేడు.

మన వృత్తిలో ఈ చిక్కు రెండింతలు. ఉదాహరణమునకు ఒక పడుగునకు 4,000 రూపాయలు ముట్టినవనుకొందము. నేసినవాడు ఎనిమిది దినములు నేసెను. దినమునకు 500 రూపాయలని వ్రాయుదురు. మంచి కూలియే యనిపించును. కాని కండెలకు, ఆసుకు ఇంటియామె నాలుగు దినముల పని చేసినది. గంజి, అచ్చు పనులకు ఇంటివారందఱిది కలిపి మఱి నాలుగు దినములు. మొత్తము పదునాఱు దినములు. ఇప్పుడు దినమునకు 250 రూపాయలే. ఇంటియామె పనిని లెక్కలోనుండి తీసివేసినచో మన కూలి రెట్టింపుగా కనబడును. కూలి పెంచుమని యడుగువారికి ఎదురుగా నిలుచు సంఖ్య ఇదియే. ఆమెను మనము మఱచినది ఆమెకే కాక మనకును నష్టమైనది.

మగ్గముల గణనము

మన వృత్తిని ప్రత్యేకముగా పరిశీలించినవారును కలరు. మదరాసు ప్రభుత్వమువారి కుటీరపరిశ్రమల పరిశీలన నివేదికను డి. నారాయణరావుగారు 1929లో సమర్పించిరి. నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య రంగాగారు చేమగ్గపు ఆర్థికస్థితిపై 1930లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. పి.జె. థామసుగారి అధ్యక్షతన నేర్పడిన విచారణసంఘము 1942లో దేశమునందు సుమారు 20 లక్షల మగ్గములు కలవని తేల్చి, స్వతంత్రముగా నేయువారిని, సావుకారులకు నేయువారిని, కార్ఖానాలలో నేయువారిని వేఱువేఱుగా పరిశీలించినది. ఇట్టివానిలో సంఖ్యలు స్వల్పమైనను వివరము ఘనము.

స్వాతంత్ర్యానంతరము చేమగ్గములకు ప్రత్యేక గణనములు 1987–88, 1995–96, 2009–10, 2019–20 సంవత్సరములలో జరిగినవి. నేయువారిని, అనుబంధ పనులు చేయువారిని కూడ ఇవి వ్రాసినవి. కండెలు చుట్టు స్త్రీకి పనివారి జాబితాలో గౌరవస్థానము దొరకినది వీనిలోనే. ఈ సంఖ్యలు చూడుడు. పనివారు 1995–96లో 65 లక్షలకు పైన, 2009–10లో 43.31 లక్షలు, 2019–20లో 35.22 లక్షలు. మగ్గములు 2009–10లో 23.77 లక్షలు, 2019–20లో సుమారు 28.20 లక్షలు. మనుష్యులు తగ్గిరి, మగ్గములు పెరిగినవి! మగ్గముల సంఖ్యను మాత్రమే చూచినవాడు వృత్తి వర్ధిల్లుచున్నదని సంతోషించును. మనుష్యుల సంఖ్యను మాత్రమే చూచినవాడు వృత్తి యంతరించుచున్నదని దుఃఖించును. రెండును చూచి, మగ్గమున్నంత మాత్రమున అది ఆడుచున్నదని కాదని తెలిసికొనుట వివేకము. అదిగాక, గడచిన సంవత్సరమున ఒక్క దినము మగ్గమాడించినను నేతకుటుంబముగా గ్రహించు నిర్వచనము వీనిలో కలదు. దేశములోని నేతపనివారిలో అస్సాము మొదలగు ఈశాన్య రాష్ట్రముల స్త్రీలు అధికసంఖ్యాకులు. వారిలో పెక్కురు ఇంటివాడుకకు నేయుదురు. అందుచే అఖిలభారత సగటులను చీరాలకు అన్వయించుట చెల్లదు.

ఈ విషయమంతయు శాస్త్రచర్చ మాత్రమే యని యెవరైన తలంతురేమో. 1991వ సంవత్సరమును స్మరింపవలెనని కోరుచున్నాము. ఆ యేట జనగణనము జరిగినది. ఆ యేటనే నూలు ధర మిన్నంటి, చీరాల ప్రాంతపు నేతవాడలనుండి ఆకలిచావుల వార్తలు వెలువడినవి. జనగణన గ్రంథములో చూచినచో ఆ వాడలలో పనివారు కలరు. పనివారని వ్రాయబడినవారు ఆకలిచే మరణింతురని ఏ పట్టిక చెప్పగలదు? ఆ నెలలలో ఎన్ని మగ్గములు ఎన్ని దినములాగెనో, ఒక్కొక్క ఇంటికి కూలి యెంత ముట్టెనో ఊరూర వ్రాసియుంచిన చిట్టా యున్నచో మాటకు సాక్ష్యముండెడిది.

ఇటీవలి సంగతి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరంభించిన నేతన్న నేస్తము క్రింద సొంతమగ్గము గల నేతకుటుంబమునకు ఏటా 24,000 రూపాయలిచ్చుట జరిగెను. పొందినవారికది మేలే. అయినను షెడ్డులో పరుల మగ్గముపై నేయువాడు, మగ్గము లేక కండెలు చుట్టుటచే జీవించు వితంతువు ఆ కొలబద్దలో పట్టలేదు. మగ్గమునకు లెక్క యున్నది, మనిషికి లేకపోయెను. కేంద్రప్రభుత్వము 2021 ఆగస్టులో నెలకొల్పిన ఈ-శ్రమ్ పట్టికలో అసంఘటిత రంగపు పనివారు తమ పేరు తామే నమోదు చేసికొనవచ్చును. ముప్పది కోట్లకు పైగా పేళ్లు చేరినవి. సంఖ్య గొప్పదే. కాని ఇది స్వయముగా చెప్పుకొన్న మాట. నమోదు చేసికొననివారు లేనివారు కారు. నమోదైనవారందఱును నేటికిని ఆ పనిలోనే యున్నారనియు కాదు.

మనము చేయవలసినది

2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గ్రహించి జనగణనము జరుపుదుమనియు, అందు కులమును కూడ అడుగుదుమనియు కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. 1931 తరువాత అఖిలభారత జనగణనమున అన్ని కులములను లెక్కించుటకు ఇదియే ప్రథమావకాశము. కులము పేరు సరిగా వ్రాయించుడని ప్రతి సంఘమును చెప్పుచున్నది. మనమును చెప్పుదము. కాని మేము చెప్పదలచినది అంతకంటె ముఖ్యమైనది. కులము పేరుతో పాటు పని పేరు కూడ సరిగా వ్రాయించుడు. గృహిణి పనిని గృహిణియే స్వయముగా చెప్పవలెను. కండెలు, ఆసు, మిరపకోత, ప్రత్తితీత, అన్నియు చెప్పవలెను. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనే కాని పెంచి చెప్పరాదు. పెంచిన సంఖ్య యొకనాడు పట్టుబడినచో నిజమైన సంఖ్యను కూడ ఎవరును నమ్మరు.

రెండవది, మన సంఘము ప్రతి నేతయూరను ఒక చిట్టా నుంచవలెను. కుటుంబములోని ప్రతి మనిషి, చేయు పనులు, నెలకు పనిదినములు, ముట్టిన కూలి, పని ఇంటనా షెడ్డునా, మగ్గము సొంతమా కాదా, మగ్గమాగిన దినములెన్ని, వేఱు కూలికి పోయిన దినములెన్ని, ఇంతమాత్రము చాలును. ఏ ప్రశ్న యే మాటలతో అడిగితిమో చిట్టా మొదటి పుటలోనే వ్రాసి, ఏటేట దానిని మార్పకుండవలెను. నేత విడిచిపోయినవారిని కొట్టివేయక, ఎప్పుడు, ఎందుకు విడిచిరో వ్రాయవలెను. మన కులమువారినే కాక ఆ వీథిలో మగ్గముపై బ్రతుకు వారందఱిని చేర్పవలెను. పేళ్లు బయటపెట్టక మొత్తములు మాత్రమే ప్రకటింపవలెను. ఇట్టి చిట్టాకును లోపములుండును. మన లెక్కను మనమే చేసికొందుము గనుక పక్షపాతమను సందేహము తప్పదు. అందుచే జనగణనముతోను, చేమగ్గపు గణనముతోను సరిపోల్చి, తేడా యెచ్చట వచ్చినదో మనమే ముందుగా చెప్పవలెను.

మూడవది కొంచెము కష్టమైన మాట. ఈ సంచికకు ద్రవ్యసహాయము చేసిన పోషకమహాశయులలో మాస్టరు వీవరులు, షెడ్డులు గలవారు అనేకులు కలరు. వారి యౌదార్యమునకు మేము కృతజ్ఞులము. షెడ్డు పనివాడు జనగణనములో "ఇతరుల"లో కలిసిపోవుచున్నాడు. సొంతమగ్గపు పథకములో లేడు. అతని పేరు వ్రాయగలిగినవారు ఆ షెడ్డు యజమానులొక్కరే. పనివారి పేళ్లు, పనిదినములు, ఇచ్చిన కూలి వ్రాసిన పుస్తకమును తెఱచి చూపుట వలన తమకు చిక్కులు వచ్చునని వారు శంకింపవచ్చును. శంక నిరాధారమని మేమనము. అయినను మన కులము చిన్నదని చూపుచున్న లెక్కలో మనవారే మనవారిని దాచుచున్నచో, ఇక ప్రభుత్వము నేమని యడుగుదుము? ఈ మహాసభలో మొదటి పుస్తకమును తామే తెఱచి చూపు పోషకుని పేరు ముందుతరములవారు స్మరింతురు.

మోటుపల్లి శాసనమున సరకునకు లెక్క కలదు. మొతర్ఫాలో మగ్గమునకు లెక్క కలదు. జనగణనమున ఇంటి యజమానికి లెక్క కలదు. ఏడువందల యేండ్లకు పైబడిన ఈ ప్రయాణములో రాట్నము ముందు కూర్చున్న తల్లికిని, పరుల మగ్గముపై నేయు కూలివానికిని పూర్తి లెక్క యింకను రావలసియున్నది. అది మన చేతులమీదుగా జరుగునట్లు శ్రీ భావనారాయణస్వామివారు మనకు బుద్ధిబలములు ప్రసాదింతురుగాక.

శుభమ్.